ఎంఎస్ ఉన్నవారి ఇంటికి టెన్స్ మెషిన్, జిమ్ బాల్, ఫోమ్ ప్యాడ్: ఏది కొనాలి, ఏది వద్దు

మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్) అనే నరాల జబ్బు ఉన్నవాళ్లు మూత్రం ఆగడం లేదని యూరాలజిస్టు దగ్గరికి, తూలుతున్నామని న్యూరాలజిస్టు దగ్గరికి, నడుము నిలవడం లేదని ఫిజియోథెరపిస్టు దగ్గరికి తిరుగుతుంటారు. కొనే వస్తువులు కూడా అలాగే విడివిడిగా ఇంటికొస్తాయి. నిజానికి ఈ మూడు బాధలూ చాలావరకు వెన్నుపాములో నరాలని కప్పే మైలిన్ పొర దెబ్బతిన్న చోట్ల నుంచే బయల్దేరతాయి, ఒకదాన్నొకటి పెంచుకుంటాయి. అర్జెంటుగా వస్తోందన్న కంగారులో లేచినప్పుడు ధ్యాసంతా పొత్తికడుపు మీదే ఉంటుంది, అడుగు మీద ఉండదు. కాళ్లకి నేల సరిగా తెలియనివాళ్లు కళ్లని నమ్ముకుని నడుస్తారు. రాత్రి లైటు వెయ్యకుండా బాత్రూముకి బయల్దేరితే ఆ ఆధారం కూడా పోతుంది. ఎంఎస్‌లో పడిపోవడాలకీ మూత్రం అర్జెంటుకీ ఉన్న సంబంధం ఇదే.

అందుకని ఇంట్లో వాడుకునే నాలుగు వస్తువులని ఈ ఒక్క కోణంలోంచే చూశాం: చర్మం మీద స్టిక్కర్లతో చిన్న కరెంటు పంపే రెండు చానళ్ల టెన్స్ మెషిన్, జిమ్ బాల్, బ్యాలెన్స్ ఫోమ్ ప్యాడ్, కటి కండరాల బిగింపు సాధనకి ఫోన్‌కి కలిపి వాడే కీగెల్ ట్రైనర్. మా తీర్పు ముందే చెప్పేస్తాం. టెన్స్ మెషిన్ కొనదగ్గది, కానీ ఒక స్కాన్ తీయించుకున్నాకే. జిమ్ బాల్ పట్టులేకుండా కూర్చోగలిగినవాళ్లకి మంచిది. ఫోమ్ ప్యాడ్ గోడ మూల, పక్కన మనిషి ఉంటేనే. కీగెల్ ట్రైనర్ ఎంఎస్ ఉన్నవాళ్లు సొంతంగా కొనుక్కోవలసిన వస్తువు కాదు.

ముందు స్కాన్, తర్వాత షాపింగు

ఎంఎస్‌లో మూత్రాశయం రెండు రకాలుగా చెడుతుంది. ఒకటి, నిండకుండానే ముడుచుకుంటుంది. మామూలుగా 400 మిల్లీలీటర్ల దాకా ఓపిగ్గా పట్టే సంచి వంద, నూటయాభైకే తోసేస్తుంది. రెండోది, ఖాళీ కాదు. మూత్రాశయం ముడుచుకునే సమయానికి కింద కవాటం తెరుచుకోవాలి. ఆ సమన్వయం తప్పితే రెండూ ఒకేసారి బిగుసుకుంటాయి, మూత్రం ఆగాగి వస్తుంది, కొంత లోపలే మిగిలిపోతుంది. చిక్కేమిటంటే రెండింటి లక్షణాలూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. సగం మిగిలిపోయిన సంచి త్వరగా నిండుతుంది కాబట్టి వాళ్లకీ గంటగంటకీ అర్జెంటే. చాలామందిలో రెండూ కలిసే ఉంటాయి.

దీన్ని తేల్చేది పోస్ట్ వాయిడ్ స్కాన్: మూత్రం పోశాక లోపల ఎంత మిగిలిందో అల్ట్రాసౌండ్‌లో చూడటం. ఎంఎస్ మూత్రాశయ సమస్యల మీద బ్రిటన్ వైద్యులు 2009లో ఇచ్చిన ఏకాభిప్రాయ పత్రం 100 మిల్లీలీటర్లని గీతగా పెట్టింది. అంతకు మించి మిగులుతుంటే ముందు ఆలోచించాల్సింది సంచిని ఖాళీ చేసే మార్గం గురించి, అంటే చాలామందికి రోజూ స్వయంగా సన్నటి కేథటర్ పెట్టుకుని తీసేయడం గురించి. ఆ స్థితిలో అర్జెంటు తగ్గించే మాత్రలు మొదలుపెడితే మిగిలేది ఇంకా పెరగొచ్చు.

స్కానింగ్ సెంటర్లో ఒక జాగ్రత్త. పొట్ట ఉబ్బేదాకా నీళ్లు తాగించి గంటసేపు కూర్చోబెడతారు. అతిగా సాగిన మూత్రాశయం సరిగా ముడుచుకోదు, అప్పుడు లెక్క ఎక్కువ చూపిస్తుంది. మామూలుగా పొయ్యాలనిపించినప్పుడే స్కాన్ చెయ్యమనండి, తొందర లేకుండా పోసి రండి, వెంటనే రెండోసారి చూడమనండి. లెక్క అనుమానంగా ఉంటే ఇంకోరోజు మళ్లీ చూపించుకోవాలి.

స్కాన్‌తో పాటు మూడురోజుల పట్టీ రాయండి. 500 మిల్లీలీటర్ల కొలత గీతలున్న ప్లాస్టిక్ మగ్గు చాలు. ఏ టైముకి, ఎన్ని మిల్లీలీటర్లు, ఎంత అర్జెంటు, తడిసిందా లేదా, ఏం తాగారు. రాత్రి లేచినవి విడిగా గుర్తుపెట్టండి. కింద చెప్పే ఏ వస్తువు పని చేస్తోందో లేదో తేల్చేది ఈ కాగితమే. ఇది లేకుండా మెషిన్ కొన్నవాళ్లు మూడు నెలల తర్వాత 'కొంచెం నయంలా ఉంది' అన్న మాట దగ్గరే ఆగిపోతారు.

టెన్స్ మెషిన్

చీలమండ లోపలివైపున వెళ్లే టిబియల్ నరం నడుము కింది భాగంలో ఎల్4 నుంచి ఎస్3 దాకా (ఎల్ అంటే నడుము, ఎస్ అంటే దాని కింది భాగం) ఉన్న నరాల మొదళ్ల నుంచి వస్తుంది. మూత్రాశయం నరాలు ఎస్2 నుంచి ఎస్4 దాకా. రెండూ వెన్నుపాములో ఒకే అంతస్తులో కలుస్తాయి. చీలమండ దగ్గర చిన్న కరెంటు రోజూ ఇస్తుంటే ఆ సంకేతం పైకి వెళ్లి, అదుపు తప్పి ముడుచుకుంటున్న మూత్రాశయాన్ని నెమ్మదింపజేస్తుంది. సూది గుచ్చి చేసే పద్ధతిలో వారానికోసారి చొప్పున 12 వారాలు క్లినిక్‌కి వెళ్లాలి. చర్మం మీద స్టిక్కర్లతో చేసే పద్ధతి ఇంట్లోనే చేసుకోవచ్చు. ఫ్రాన్స్‌లో 70 మంది ఎంఎస్ రోగులతో రోజూ 20 నిమిషాలు, మూడు నెలలపాటు చేయించిన అధ్యయనం 2011లో వచ్చింది. ఎక్కువమందిలో అర్జెంటు తగ్గింది. పోల్చి చూసే గుంపు అందులో లేదు, ఆ లోటు గుర్తుంచుకోవాలి. మాత్రల్లా నోరు ఎండదు, మలబద్ధకం రాదు, మతిమరుపు పెంచదు. ఎంఎస్‌లో మలబద్ధకం, మతిమరుపు చాలామందికి ముందే ఉంటాయి గనక ఇది పెద్ద లాభం.

ఆన్‌లైన్‌లో టెన్స్ పేరుతో దొరికేవాటిలో చాలావరకు మసాజర్లు. బొమ్మలున్న బటన్లు, పది 'మోడ్‌లు' ఉంటాయి, హెర్ట్జ్ (సెకనుకి ఎన్నిసార్లు కరెంటు తడుతుందో) ఎంతో చెప్పవు. అవి ఈ పనికి పనికిరావు. కొనేముందు చూసుకోవలసినవి ఇవి: ఫ్రీక్వెన్సీని 10 లేదా 20 హెర్ట్జ్‌కి మనమే పెట్టుకోగలగాలి, పల్స్ వెడల్పు 200 మైక్రోసెకండ్లకి పెట్టుకోగలగాలి, కంటిన్యువస్ మోడ్ ఉండాలి, టైమర్ 30 నిమిషాలైనా ఉండాలి. తెర మీద అంకెలు కనిపించే డిజిటల్ మెషిన్ మేలు. గుండ్రటి నాబ్ ఉన్న పాత రకం చవకే, కానీ చేతి వేళ్లలో తిమ్మిరి ఉన్నవాళ్లు నాబ్‌ని ఒక్కసారిగా ఎక్కువ తిప్పేస్తారు. మెట్టుమెట్టుగా పెరిగే ప్లస్, మైనస్ బటన్లు ఉన్నది తీసుకోండి. ఈ గుణాలన్నీ ఉన్న మెషిన్ రెండు వేల రూపాయలకి కాస్త అటూ ఇటూ నుంచి దొరుకుతుంది. పది వేలు పెట్టి కొన్నదానిలో ఈ పనికి అదనంగా వచ్చేదేమీ లేదు.

పెట్టే పద్ధతి. కాలు సబ్బుతో కడిగి పూర్తిగా తుడవాలి. మన ఇళ్లల్లో స్నానానికి ముందో తర్వాతో పాదాలకి కొబ్బరినూనె రాసే అలవాటుంది. నూనె పొర ఉంటే స్టిక్కర్ అంటుకోదు, అంచుల దగ్గర చురుక్కుమంటుంది. కూర్చుని పాదాన్ని స్టూలు మీద పెట్టుకోవాలి. నల్ల వైరు స్టిక్కర్ చీలమండ లోపలి ఎముక వెనకాల, ఆ ఎముకకీ మడమ వెనక బిగువుగా తగిలే స్నాయువుకీ మధ్య గుంటలో. ఎర్ర వైరు స్టిక్కర్ దానికి 10 సెంటీమీటర్లు పైన, కాలిఎముక అంచుకి వెనకగా. స్టిక్కర్లు 5 సెంటీమీటర్ల చదరం. చీలమండ సన్నగా ఉన్నవాళ్లకి చిన్నవి వాడితే ఎముక మీదకి ఎక్కవు. సున్నా నుంచి మెల్లగా పెంచండి. జుమ్ముమనే భావం స్టిక్కర్ కింద మాత్రమే కాక అరికాలిలోకి, మడమలోకి పాకాలి. ఇంకొంచెం పెంచితే బొటనవేలు వంగుతుంది, లేదా వేళ్లు విచ్చుకుంటాయి. అది కనిపించిందంటే నరం దొరికినట్టు. అక్కడి నుంచి ఒకటి రెండు మెట్లు తగ్గించి, నొప్పి లేని చోట ఉంచి 20 నుంచి 30 నిమిషాలు. ఒక కాలు చాలు.

తప్పు జరిగేది ఎక్కువగా ఇక్కడే. జుమ్మనడం స్టిక్కర్ దగ్గరే ఆగిపోతే కింది స్టిక్కర్‌ని అర సెంటీమీటరు వెనక్కి జరపాలి, కరెంటు పెంచకూడదు. పొద్దంతా కుర్చీలో కూర్చునేవాళ్లకి పాదాలు వాస్తాయి. వాపు మీద కరెంటు నరం దాకా చేరదు. పొద్దున్న నిద్ర లేవగానే, వాపు తక్కువున్నప్పుడు పెట్టుకోవడం మంచిది. కాలు బిగుసుకుపోయే స్పాస్టిసిటీ ఉన్నవాళ్లకి పాదం టకటకా ఆడటం మొదలవుతుంది. అది క్లోనస్, బొటనవేలు వంగడం కాదు. అప్పుడు కరెంటు తగ్గించి, పాదం పూర్తిగా ఆనేలా పెట్టుకోవాలి. మాడ్యులేషన్ మోడ్‌లో పెట్టి వదిలేయడం ఇంకో పొరపాటు. అందులో ఫ్రీక్వెన్సీ దానంతటదే మారిపోతుంది, రోజూ అరగంట పెట్టుకున్నా ఇవ్వాల్సిన మోతాదు అందదు.

పాదానికి స్పర్శ బాగా తగ్గినవాళ్లు ముందు ఒక పరీక్ష చేసుకోవాలి. స్టిక్కర్ పెట్టే చోట చల్లటి గ్లాసు, గోరువెచ్చటి గ్లాసు ఆనించి, కళ్లు మూసుకుని తేడా చెప్పగలరా చూడండి. చెప్పలేకపోతే చర్మం కాలినా తెలియదు. స్పర్శ బాగున్న రెండో కాలికి పెట్టుకోవాలి, రెండూ అంతే అయితే ఫిజియోథెరపిస్టు సమక్షంలోనే. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, గర్భిణులు, కాలి సిరలో రక్తం గడ్డ ఉన్నవాళ్లు, పుండు ఉన్నవాళ్లు ఇది వాడకూడదు. మూర్ఛ ఉన్నా, ఒంట్లో బ్యాక్లోఫెన్ (కండరాల బిగుతు తగ్గించే మందు) పంప్ లాంటి పరికరం అమర్చి ఉన్నా డాక్టర్ని అడగకుండా ముట్టుకోవద్దు.

స్టిక్కర్లు ఇరవై ముప్ఫైసార్లు వస్తాయంటారు. చెమట, దుమ్ము ఎక్కువున్న మన వేసవిలో అన్ని రావు. వాడాక ప్లాస్టిక్ షీటుకే మళ్లీ అంటించి, కవర్లో పెట్టి, చల్లటి చోట ఉంచండి. జిగురు ఎండితే వేలిని తడిచేసి ఒక చుక్క నీళ్లు రాస్తే ఇంకో నాలుగైదుసార్లు పని చేస్తుంది. సగం మాత్రమే అంటుకుంటున్న స్టిక్కర్‌ని వాడకండి. కరెంటంతా ఆ సగం గుండానే వెళ్లి చర్మం ఎర్రబడుతుంది. వైర్లు ముందు తెగేది పిన్ను మెడ దగ్గర. లాగేటప్పుడు వైరు కాక పిన్ను పట్టుకోండి, కొనేటప్పుడే ఒక జత అదనంగా తీసుకోండి.

ఫలితం మొదటివారంలో వెతకొద్దు. నాలుగు నుంచి ఆరు వారాలకి కొందరిలో మార్పు కనిపిస్తుంది. 12 వారాలకి మళ్లీ మూడురోజుల పట్టీ రాసి పాతదానితో పోల్చండి. ఒక్కోసారి పోసే పరిమాణం పెరిగిందా, రాత్రి లేవడం తగ్గిందా, తడవడం తగ్గిందా. ఏదీ మారకపోతే ఆపేయవచ్చు, ఇంకో ఆరు నెలలు లాగనవసరం లేదు. మారితే పూర్తిగా మానకండి. మానేస్తే కొన్ని వారాల్లో పాత స్థితి వచ్చేస్తుంది. వారానికి రెండు మూడుసార్లకి తగ్గించి కొనసాగించేవాళ్లే ఎక్కువ లాభపడతారు.

జిమ్ బాల్

చెయ్యి ఎత్తే ముందే, అడుగు వేసే ముందే పొట్ట లోపలి పొర బిగుసుకుని నడుముని నిలబెడుతుంది. ఆ కండరం, పైన ఊపిరి తెర, కింద మూత్రాశయాన్ని మోసే కటి కండరాల పళ్లెం, వెనక వెన్నెముకని పట్టుకున్న చిన్న కండరాలు, నాలుగూ కలిసి పని చేస్తాయి. ఎంఎస్‌లో ఆ బిగింపు ఆలస్యంగా వస్తుంది, లేదా అసలు రాదు. దాని బదులు జనం ఊపిరి బిగబట్టి నడుముని గట్టి చేసుకుంటారు. ఊపిరి బిగబట్టిన ప్రతిసారీ ఆ ఒత్తిడి నేరుగా మూత్రాశయం మీద పడుతుంది. కుర్చీలోంచి లేస్తూ తడిసిపోయేది అందుకే. జిమ్ బాల్ నచ్చేది కూడా ఇందుకే. దాని మీద ఊపిరి బిగబడితే ఒళ్లు కదలడం వెంటనే తెలిసిపోతుంది.

సైజు ముఖ్యం. ఐదడుగుల రెండంగుళాల నుంచి ఐదున్నర అడుగుల దాకా ఉన్నవాళ్లకి 55 సెంటీమీటర్లది, అంతకంటే పొడుగున్నవాళ్లకి 65. ఎత్తులో మధ్యస్థంగా ఉండి కాళ్లు బలహీనంగా ఉంటే పెద్దదాని వైపు మొగ్గండి. తుంటి మోకాలి కంటే కాస్త ఎత్తులో ఉంటే లేవడం తేలిక. 'యాంటీ బర్స్ట్' అని రాసి ఉండాలి, అంటే గుచ్చుకున్నా ఢామ్మని పేలకుండా మెల్లగా గాలి పోయే రకం. కొత్తదానికి మొదటిరోజు ముప్పావు వంతే గాలి కొట్టి ఒక రాత్రి వదిలేయాలి. రబ్బరు సాగాక మర్నాడు మిగతాది. గోడ మీద 55 సెంటీమీటర్ల దగ్గర పెన్సిల్ గీత పెట్టుకుని దానికి సరిపోయేదాకా కొట్టండి. తక్కువ గాలి ఉన్నప్పుడు మెత్తగా పట్టుకుంటుంది కాబట్టి మొదలుపెట్టేవాళ్లకి కాస్త మెత్తనే మంచిది.

టైల్స్ మీద ఎప్పుడూ నేరుగా పెట్టకూడదు. రబ్బరు యోగా మ్యాట్ వెయ్యాలి, మేజోళ్లు విప్పాలి. బంతి వెనక భాగం గదిమూలకి ఆనాలి, ముందు బరువైన కుర్చీ, పక్కన ఒక మనిషి. ఈ మూడూ లేకపోతే వద్దు.

క్రమం ఇలా ఉంటే బాగుంటుంది. మొదటివారం ఊరికే కూర్చుని ఊపిరి తీసుకోవడం, రెండు నిమిషాల చొప్పున మూడుసార్లు. ఊపిరి వదిలేటప్పుడు కటి కండరాలని పైకి లాగడం, పీల్చేటప్పుడు పూర్తిగా వదిలేయడం. వదలడం రాకపోతే లాగడం నేర్చుకోకూడదు, అది గుర్తుండాలి. తర్వాత తుంటిని ముందుకీ వెనక్కీ పదిసార్లు, పక్కలకి పదిసార్లు, భుజాలు కదలకుండా. అది వచ్చాక ఒక చెయ్యి ముందుకి ఎత్తడం. తర్వాత ఒక మడమ మాత్రం ఎత్తడం. పాదం మొత్తం రెండంగుళాలు ఎత్తి మూడు సెకన్లు ఆపడం చివరిది. చాలామంది ఆ చివరిదానికి పదోరోజే వెళ్లిపోతారు, నడుము ఒకవైపు కూలుతుంది, రెండోవైపు కండరాలు మోసెయ్యడం నేర్చుకుంటాయి. అద్దం ఎదురుగా పెట్టుకుంటే భుజాలు సమంగా ఉన్నాయో లేదో కనబడుతుంది. ఎగిరెగిరి కూర్చోవడం స్పాస్టిసిటీ ఉన్నవాళ్లకి నిషేధం, కాళ్లు బిగుస్తాయి.

కుర్చీలో చేతులు ఆనించకుండా ఒక నిమిషం కూర్చోలేనివాళ్లకి బంతి పనికిరాదు. వాళ్లకి వీపు ఆనని గట్టి స్టూలు మీద మడతపెట్టిన టవల్, అదే క్రమం. డబ్బు మిగులుతుంది, ఫలితం దాదాపు అదే.

ఇక్కడ ఒక మాట చెప్పి తీరాలి. పిలాటిస్ అనే వ్యాయామ పద్ధతిలో నడుముకి మాత్రమే పెట్టిన శిక్షణని బ్రిటన్‌లో నడవగలిగిన వంద మంది ఎంఎస్ రోగులపై పరీక్షించారు, 2016లో ప్రచురించారు. నడక వేగంలో అది విశ్రాంతి వ్యాయామం కంటే మెరుగని తేలలేదు. నిలబడి, కదులుతూ చేసిన మామూలు వ్యాయామాలే దానికంటే మేలనిపించాయి. అదే ఏడాది స్వీడన్ నుంచి వచ్చిన కోడ్యూస్ అనే కార్యక్రమం ఫలితాలు వేరే దారి చూపాయి. అందులో నడుము బిగింపు, ఒకేసారి రెండు పనులు, ఇంద్రియాల సాధన మూడూ కలిపి గంటసేపు, ఏడు వారాల్లో 14 సెషన్లు. 87 మందిని తీసుకున్న ఆ పరీక్షలో నిలకడ మెరుగైంది. బంతి మీద కూర్చోవడం మొదటి మెట్టే. అక్కడే ఆగిపోయినవాళ్ల నడుముకి బంతి మీద కూర్చోవడం వస్తుంది, నడవడం రాదు.

ఫోమ్ ప్యాడ్

ఒంటి నిలకడకి మూడు ఆధారాలు: కళ్లు, లోపలి చెవి, పాదాల నుంచి కీళ్ల నుంచి వచ్చే సమాచారం. ఎంఎస్‌లో పాదాల సమాచారం మెదడుకి ఆలస్యంగా చేరుతుంది. ఫోమ్ మీద నిలబడితే ఆ సమాచారం ఇంకా మసకబారుతుంది, మిగతా రెండింటినీ సరిగా వాడుకోవడం ఒళ్లు నేర్చుకుంటుంది. ఫిజియోథెరపీ విభాగాల్లో వాడే ప్యాడ్ సైజు 50×41×6 సెంటీమీటర్లు. స్థానికంగా తయారైనవి చవకగా ఉంటాయి, కొన్ని నిలబడగానే నేల తగిలేంత అణిగిపోతాయి. బొటనవేలితో గట్టిగా నొక్కి వదలండి. గుంట వెంటనే పూడకపోతే అది వద్దు. పరుపు ముక్కలు, దిండ్లు దీనికి బదులు కావు. పాదం పక్కకి వాలిపోతుంది.

వాడేది గదిమూలలో, వీపు మూలవైపు, ముందు కుర్చీ. కింద రబ్బరు మ్యాట్. పాదాలు తుంటి వెడల్పులో 30 సెకన్లు. తర్వాత పాదాలు దగ్గరగా. తర్వాత తల మెల్లగా అటూ ఇటూ. తర్వాతే కళ్లు మూసుకుని 10 సెకన్లు. గట్టి నేల మీద కళ్లు మూసుకుని 30 సెకన్లు నిలబడలేనివాళ్లు ఫోమ్ ఎక్కకూడదు. పాదం ముందుభాగం జారిపోయే ఫుట్ డ్రాప్ ఉన్నవాళ్లకీ, మోకాలు వెనక్కి వంగిపోయేవాళ్లకీ ఇది కీడు చేస్తుంది.

ఈ ప్యాడ్ కంటే దాని పక్కన చేసే ఒక సాధన మాకు ఎక్కువ విలువైనదిగా కనిపిస్తుంది. దానికి ఏ వస్తువూ అక్కర్లేదు. కుర్చీలో కూర్చుని అర్జెంటు వచ్చినట్టు అనుకోండి. లేవకండి. పాదాలు నేలకి ఆనించి కటి కండరాలని ఐదారుసార్లు గబగబా బిగించి వదలండి, కాలివేళ్లు ముడుస్తూ తెరుస్తూ ఉండండి. ఆ బిగింపు మూత్రాశయానికి ఆగమన్న సంకేతం పంపుతుంది. అల తగ్గాక, ఊపిరి వదులుతూ లేచి, నిలబడి మూడు లెక్కపెట్టి, అప్పుడు నడవండి. మొదట పగలు, ఖాళీ సంచితో, రోజుకి నాలుగైదుసార్లు. తర్వాత చేతిలో గ్లాసు నీళ్లతో. తర్వాత వారాల పేర్లు వెనక నుంచి చెబుతూ. నిజంగా అర్జెంటు వచ్చినప్పుడు పరుగెత్తకుండా ఆపేది ఈ అలవాటే. బాత్రూములో ఇండియన్ మరుగుదొడ్డి ఉంటే గొంతుకూర్చోవడం మూత్రం ఖాళీ కావడానికి మంచిదే, కానీ లేవడానికి తుంటి బలం కావాలి. చేతికందే ఎత్తులో గోడకి పట్టుకునే స్టీలు కడ్డీ బిగించాకే వాడండి. మంచం దగ్గర నుంచి బాత్రూము దాకా రాత్రంతా వెలిగే చిన్న లైటు పెట్టండి. ఈ సమీక్షలో అన్నింటికంటే చవకది, అన్నింటికంటే ముందు కొనాల్సింది ఆ లైటే.

కీగెల్ ట్రైనర్

చిన్న పరికరాన్ని యోనిలో పెట్టుకుని బిగిస్తే ఫోన్ తెర మీద ఆట సాగుతుంది. కాన్పు తర్వాత దగ్గితే తడిసే ఆరోగ్యవంతురాలికి దీనివల్ల ఉపయోగం ఉండొచ్చు. ఎంఎస్‌లో చాలామంది కటి కండరాలు బలహీనంగా ఉండటమే కాదు, బిగుసుకుపోయి కూడా ఉంటాయి. ఈ పరికరాలు చాలావరకు ఎంత గట్టిగా బిగించారన్నదే కొలుస్తాయి; పూర్తిగా వదిలారా లేదా అన్నదానికి మార్కులిచ్చేవి తక్కువ. కవాటం తెరుచుకోని మనిషి నెలల తరబడి బిగింపే సాధన చేస్తే మిగిలిపోయే మూత్రం పెరగొచ్చు. మగవాళ్లకి ఇది అసలు పనికిరాదు.

కటి కండరాల శిక్షణ వృథా అనడం లేదు. ఎంఎస్ ఉన్నవాళ్లకి దాన్ని ఆలోచించమని వైద్య మార్గదర్శకాలు ఇచ్చే బ్రిటన్ నైస్ సంస్థ 2012 మార్గదర్శకం చెబుతుంది. ఉత్తర ఐర్లండ్‌లో 74 మంది ఎంఎస్ రోగులతో చేసి 2008లో ప్రచురించిన అధ్యయనంలో శిక్షణ, కండర బయోఫీడ్‌బ్యాక్ (కండరం ఎంత బిగుస్తోందో తెర మీద చూపడం), కరెంటు ప్రేరణ మూడూ కలిపి ఇచ్చినప్పుడు తడిసిపోవడం బాగా తగ్గింది. అక్కడ మొదట ఒక నిపుణురాలు వేలితో పరీక్షించి, ఎన్ని సెకన్లు ఆపగలరో చూసి, అక్కడి నుంచి మొదలుపెట్టే పద్ధతి. మూడు సెకన్లే ఆపగలిగితే మూడుతోనే మొదలు, మధ్యలో అంతకు రెట్టింపు విరామం, ఐదుసార్లు, పడుకుని, రోజుకి మూడు విడతలు. పది సెకన్లు పదిసార్లు అనేది గమ్యం, ఆరంభం కాదు. ఎంఎస్ కండరం త్వరగా అలుస్తుంది; అలిశాక చేసేది పిర్రలతో, తొడలతో చేసే దొంగ బిగింపు. ఆ డబ్బుతో కటి కండరాల మీద పని చేసే ఫిజియోథెరపిస్టు దగ్గర రెండు మూడు సిట్టింగులు తీసుకోవడం మేలు.

వేసవి, జ్వరం, మిగతా చిక్కులు

ఒంటి వేడి అర డిగ్రీ పెరిగినా దెబ్బతిన్న నరంలో సంకేతం మందగిస్తుంది. ఒళ్లు అలిశాక ఎంఎస్ రోగులకి చూపు మసకబారడాన్ని 1890లోనే ఊటాఫ్ అనే జర్మన్ కంటి వైద్యుడు గమనించి రాశారు. రెంటచింతల, రామగుండంలాంటి చోట్ల మే నెలలో పదింటికి బంతి ఎక్కితే పొద్దున్న చేయగలిగినదానిలో సగం కూడా చేయలేరు. అది జబ్బు పెరగడం కాదు, చల్లబడగానే సర్దుకుంటుంది. ఆరింటికి, ఫ్యాను కింద, మెడ చుట్టూ తడిగుడ్డతో పది నిమిషాలు చేసి, ఐదు నిమిషాలు ఆగి, మళ్లీ పది.

తడుస్తుందన్న భయంతో నీళ్లు మానేస్తే మూత్రం చిక్కబడి సంచిని రేపుతుంది, ఇన్‌ఫెక్షన్ వస్తుంది, మలబద్ధకం పెరిగి పేగు కూడా మూత్రాశయాన్ని నొక్కుతుంది. రోజుకి లీటరున్నర నుంచి రెండు లీటర్లు, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ, సాయంత్రం ఏడు దాకా పంచుకుని తాగాలి. టీ, కాఫీలు పొద్దున్న ఒకసారికి పరిమితం చెయ్యండి.

బాగా పని చేస్తున్న టెన్స్ ఒక వారం హఠాత్తుగా పని చేయనట్టు అనిపించి, దానితో పాటే కాళ్లు బరువెక్కి, తూలుడు పెరిగితే మెషిన్ సెట్టింగులు మార్చకండి. ముందు యూరిన్ పరీక్ష, కల్చర్. ఎంఎస్‌లో మూత్రపు ఇన్‌ఫెక్షన్‌కి మంట, జ్వరం లేకపోవచ్చు. కాళ్ల బలహీనతే మొదటి గుర్తు కావొచ్చు. ఇన్‌ఫెక్షన్ లేదని తేలి, బలహీనత ఒక రోజు దాటి కొనసాగుతుంటే న్యూరాలజిస్టుకి అదేరోజు చెప్పాలి. మూత్రం పూర్తిగా రాకుండా ఆగిపోతే రాత్రయినా సరే ఆస్పత్రికి వెళ్లాలి.